భువనగిరి బండ

మే నెల ఎండ ముదరకముందే ఎక్కెయ్యాలని తెల్లవారుతూనే సికింద్రాబాద్‌లో రైలెక్కాను. ఊరు ఇంకా దూరముండగానే గుట్ట కిటికీలో కనపడింది. బోడిగా, నున్నగా, అంతా కలిసి ఒకే బండ. చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు, త్రిభువనమల్లుడు, దీనిమీద కోట కట్టించాడంటారు. వచ్చేవాళ్లంతా ఆ కోట కోసమే వస్తారు. నేను బండను చూద్దామని వచ్చాను.

సగం మెట్లెక్కాక నీడపట్టున ఒక తాత కూర్చున్నాడు. బతుకంతా రాయి కొట్టినవాడట. నేను వంగి బండను తడుముతుంటే చేతికర్రతో రెండుచోట్ల కొట్టి వినిపించాడు. ఒకచోట గట్టిగా పలికింది, రెండోచోట డొల్లగా మోగింది.

"ఈడ పొర లేసింది బిడ్డా. మేం గిసుంటి బండ మీద మంట వెట్టి లేపేటోళ్లం. గుట్ట తనంతట తనే లేపుకుంటది, మాకంటె నిమ్మలంగ."

నేను చదివిన పుస్తకాలేవీ ఇంత సూటిగా చెప్పలేదు. ఈ గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో, కిలోమీటర్ల మందం రాతి కింద గడ్డకట్టింది. ఆ పైరాతిని వానలూ వాగులూ కోట్ల ఏళ్లు అరగదీసి మోసుకుపోయాయి. బరువు తగ్గేకొద్దీ, అణిగి ఉన్న బండ ఒళ్లు విరుచుకుని ఉల్లిపొరల్లా విడిపోసాగింది. గుట్టకు ఈ గుండ్రటి ఒంపు అలా పొరలూడే వచ్చింది. ఒక పెచ్చు జారిన చోట లేత గులాబీ రంగు రాయి, దానిచుట్టూ వాననీటి నల్లచారలు. ఓ నెర్రెలో జానెడు రావిమొక్క వేళ్లు దింపుతోంది.

పైన చిన్న చిన్న గుంటలున్నాయి. నీళ్లెండిపోయి అడుగున గరుకు ఇసుక మిగిలింది. పిడికెడు తీసి రుమాల్లో కట్టుకున్నాను. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీటికి రాతిలోని ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమన్నవుతుంది. పలుగురాయి మాత్రం లొంగదు, ఇసుకై మిగులుతుంది. నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పు పడుతుంది. మన ఎర్రనేలల ఎరుపు అలాంటి తుప్పే.

దిగాక గుట్ట ఎక్కడ ముగిసిందో నాకు తేలలేదు. బండ మొరంలో కలిసింది, మొరం చల్కలో కలిసింది. చల్కలో నీళ్లు నిలవవు. మెత్తటి మన్నంతా వానకు కొట్టుకుపోయి చెరువు చేరుతుంది. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రైతులు ట్రాక్టర్లతో తెచ్చుకున్నది ఆ మన్నే. దారిపక్క చేనులో ఒకామె ఇవాళా పూడిక మట్టి గంపతో చల్లుతోంది.

"గిది పోస్తె చల్క పదును ఆపుతది."

పిడికెడు నలిపి చూశాను. వెన్నలా ఉంది. రుమాలు విప్పి గుట్ట మీది ఇసుక చూపిస్తే, వేలితో కదిపి నవ్వింది. నేను రెండో గంప అందుకోబోతే, "బట్టలు కరాబైతయి బిడ్డా" అంది.

అయినా ఎత్తుకున్నాను.