ఆకులు ఎవరు కట్టుకోవాలి?



పోస్టు కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడే చదవండి. మలయాళం సినిమా కామెడీ గురించి రాస్తున్నా అంటే "మన గ్రూపులో ఇదెందుకు అన్నా" అంటారని తెలుసు. చివరిదాకా వస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

మాది భద్రాచలం దగ్గర కోయ గూడెం. 2016లో పీజీ కోసం కేరళ పోయినా. భాష రాదు, తిండి పడదు, నాలుగు నెలలు వాన. మా రూమ్మేట్ త్రిశ్శూర్ వైపు కుర్రోడు, మిమిక్రీ పిచ్చి. రాత్రి అన్నం తిన్నాక లాప్‌టాప్‌లో కామెడీ సీన్లు పెట్టి, ఒక్కో మాటకి ఇంగ్లీషులో అర్థం చెప్పేవాడు. నాకు వచ్చిన మలయాళంలో సగం క్లాసులో నేర్చింది కాదు, ఆ సీన్లలో నేర్చిందే.

అప్పుడు చూపించిందే 'చిరకొడింజ కినావుకళ్'. 2015లో వచ్చింది, సంతోష్ విశ్వనాథ్ డైరెక్టరు, కుంచాకో బోబన్, రీమా కల్లింగల్ చేశారు. మలయాళంలో పూర్తి నిడివి స్పూఫ్ సినిమా అంటే ముందు దీని పేరే చెప్తారు. పేరుకి అర్థం "రెక్కలు విరిగిన కలలు". ఇది పుట్టిన తీరు తమాషాగా ఉంటది. 1996లో కమల్ తీసిన 'అళకియ రావణన్' అనే మమ్ముట్టి సినిమాలో అంబుజాక్షన్ అని ఊరి టైలర్ ఉంటాడు. అతనికి నవలలు రాసే పిచ్చి. సినిమావాళ్లకి తన నవల కథ చెప్తాడు: కట్టెలు కొట్టేవాడి కూతురు సుమతి, ఆమెని ప్రేమించే పేద టైలరు, మధ్యలో విదేశం నుంచి వచ్చిన డబ్బున్నోడు. ఆ పాత్ర రాసిందీ వేసిందీ శ్రీనివాసనే. ఆ సీను కేరళలో అందరికీ నోటికొచ్చు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఆ చెత్త నవలనే నిజంగా సినిమాగా తీశారు. చెత్తని చెత్తగానే, గంభీరంగా తీశారు. అదే నవ్వు. ఎవరూ కన్ను కొట్టరు, ఎవరూ "జోకు వేస్తున్నాం" అని చెప్పరు. పాత సినిమాల్లో హీరో ఎట్లా ఏడుస్తాడో, హీరోయిన్ ఎట్లా చెట్టు పట్టుకుంటదో, అట్లాగే చేసి చూపిస్తారు.

మనకి 2012లో వచ్చిన అల్లరి నరేష్ 'సుడిగాడు' గుర్తుంది కదా? అది తమిళ 'తమిళ్ పడం'కి రీమేక్. అక్కడ హీరోలనీ ఫైట్లనీ పేరుపేరునా వెక్కిరిస్తారు. మలయాళం వాళ్ల పద్ధతి కొంచెం వేరుగా అనిపించింది. వాళ్లు ఎక్కువగా సినిమా తయారీనే వెక్కిరిస్తారు. 2005లో వచ్చిన 'ఉదయనాణు తారం'లో శ్రీనివాసన్ పాత్ర స్నేహితుడి స్క్రిప్టు దొంగిలించి సూపర్‌స్టార్ సరోజ్ కుమార్ అవుతుంది. ఆ స్నేహితుడు మోహన్‌లాల్. అంత పెద్ద స్టారు పక్కన ఉండగానే స్టార్ల గొప్పలని ఎండగట్టారు. 2012లో ఆ సరోజ్ కుమార్ మీదే ఇంకో సినిమా తీశారు.

ఈ ధైర్యం ఎక్కడిది అని రూమ్మేట్‌ని అడిగితే "కళాభవన్" అన్నాడు. కొచ్చిలో 1969లో ఫాదర్ ఆబెల్ అనే చర్చి ఫాదర్ పెట్టిన సంస్థ. 1980ల మొదట్లో ఇక్కడి కుర్రాళ్లు 'మిమిక్స్ పరేడ్' అని స్టేజి షో మొదలుపెట్టారు. సినిమా నటులని, నాయకులని అనుకరిస్తూ ఊరూరా తిరిగారు. డైరెక్టర్లు సిద్దిఖ్, లాల్, హీరోలు జయరామ్, దిలీప్ అందరూ ఆ స్టేజీ ఎక్కినవాళ్లే. అంటే సినిమాలోకి రాకముందే సినిమాని వెక్కిరించడం నేర్చుకున్నారన్నమాట.

కళాభవన్ మణి కూడా అక్కడినుంచే. మనవాళ్లకి ఆయన 'జెమిని'లో వెంకటేష్ మీద విలన్‌గా తెలుసు. చాలకుడిలో దళిత కుటుంబంలో పుట్టి, ఆటో నడిపి, మిమిక్రీ చేసి పైకొచ్చాడు. 1999లో 'వాసంతియుం లక్ష్మియుం పిన్నె ంజానుం'లో గుడ్డి గాయకుడిగా చేసి ఏడిపించాడు. ఊరి పాటలని క్యాసెట్లలో ఇంటింటికీ తెచ్చాడు. 2016 మార్చిలో చనిపోయాడు. నేను పోయేసరికి ఇంకా ప్రతి ఆటో మీద ఆయన బొమ్మ ఉంది. ఆ బొమ్మ చూస్తే నాకు ఆ ఊళ్లో నావాడు ఒకడున్నాడు అనిపించేది.

ఇక్కడిదాకా అంతా నవ్వులే. ఒకరోజు రూమ్మేట్ 'బాంబూ బాయ్స్' పెట్టాడు. 2002 సినిమా, అలీ అక్బర్ డైరెక్టరు. హరిశ్రీ అశోకన్, సలీం కుమార్, మణి ఉన్నారు. అందులో ఆదివాసీలకి బయటి లోకం వస్తువులేవీ తెలియవు. ఆ తెలియకపోవడమే కామెడీ. రూమ్మేట్ అలవాటుగా నవ్వుతూ నా వైపు చూసి, మధ్యలో ఆగిపోయాడు. లాప్‌టాప్ మూసేశాడు. ఇద్దరం ఏం మాట్లాడలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. పట్నంలో ఒక పెద్ద స్టేజీ మీద ప్రోగ్రాం, ఎవరు పెట్టారో పేరు వద్దు. మమ్మల్ని పది మంది పిల్లల్ని తీసుకుపోయి ఒంటికి మసి పూశారు, నడుముకి ఆకులు కట్టారు, తలకి ఈకలు పెట్టారు. నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ "హు హు హు" అని అరవమన్నారు. జనం ఈలలు వేశారు. మా నాయన డోలు కొట్టేవాడు, మా గూడెం కొమ్ము డాన్సుకి ఆయన డోలు లేందే నడవదు. చూడ్డానికి వచ్చి వెనక వరసలో నిలబడ్డాడు. తిరుగు బస్సులో ఒక్కటే మాట అడిగాడు. "మనం ఎప్పుడు అట్లా ఉన్నాంరా?" నా దగ్గర జవాబు లేదు. ఆకుల దురద రెండు రోజులు పోలేదు. ఆ మాట ఇప్పటికీ పోలేదు.

మణి మీద కోపం వచ్చిందా అంటే, వచ్చింది. తర్వాత తగ్గింది. ఆయన్ని కూడా రంగు చూసి, కులం చూసి నవ్వినవాళ్లు ఉంటారు. పొట్ట కోసం స్టేజీ ఎక్కినోడు ఇచ్చిన వేషమల్లా వేస్తాడు. కానీ ఒక సంగతి మాత్రం అర్థమైంది. రెండు రకాల నవ్వులు ఉన్నాయి. 'చిరకొడింజ కినావుకళ్' నవ్వు అబద్ధాన్ని చూసి నవ్వేది. 'బాంబూ బాయ్స్' నవ్వు అబద్ధాన్ని నిజమని నమ్మి, ఆ అబద్ధం మోసే మనిషిని చూసి నవ్వేది. చేసేవాళ్లు వాళ్లే, టైమింగు అదే. నవ్వు పోయే దారి మాత్రం వేరు.

2018 ఫిబ్రవరి 22న అట్టప్పాడిలో మధు అనే ఆదివాసీ యువకుడిని బియ్యం దొంగిలించాడని పట్టుకుని కొట్టి చంపారు. చేతులు కట్టేసి పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. ఆ ఫొటో మా క్లాసు గ్రూపులో కూడా వచ్చింది. (2023లో కోర్టు 14 మందిని దోషులని తేల్చింది.) సినిమా వల్లే ఇట్లా జరిగిందని నేను అనను. కానీ మనిషిని వింత వస్తువుగా చూడటం అలవాటైన కళ్లకి ఆ సెల్ఫీ తప్పు అనిపించలేదు. ఆ అలవాటు ఎక్కడో ఒకచోట నేర్చుకున్నదే కదా.

సరిగ్గా అప్పుడే మా డిపార్ట్‌మెంట్ కల్చరల్ డే వచ్చింది. క్లాస్‌మేట్లు మంచి మనసుతోనే "నువ్వు ట్రైబల్ డాన్స్ చెయ్యి, కాస్ట్యూమ్ మేం తెస్తాం" అన్నారు. కాస్ట్యూమ్ అంటే ఏంటని అడిగితే గూగుల్‌లో ఆకుల లంగా చూపించారు. మాకు జూనియర్ ఒక అమ్మాయి ఉంది, వయనాడ్, పణియ అమ్మాయి. నన్ను "చేట్టా" అనేది, అంటే అన్న. ఆమె దగ్గరికి పోయి చెప్పుకున్నా. "చేట్టా, వాళ్లు అడిగింది వాళ్లకే ఇద్దాం. స్పూఫ్ చేద్దాం" అంది.

నేను, ఆమె, రూమ్మేట్, ఇంకో ముగ్గురు కూర్చున్నాం. కథ సింపుల్. సినిమావాళ్లు అడవికి షూటింగ్‌కి వస్తారు. మొదటి రిహార్సల్‌లో మేమే ఆకులు కట్టుకున్నాం, "వెక్కిరించడానికే కదా" అని. చెల్లి ఒప్పుకోలేదు. "మనం ఆకులతో స్టేజి మీదికి రాగానే వాళ్లు నవ్వేస్తారు. ఆ నవ్వు పాత నవ్వే. తర్వాత మనం ఎంత మంచి డైలాగు చెప్పినా దాన్ని వెనక్కి తేలేం" అంది. నిజం. రెండేళ్లు సినిమాలు చూసి నాకు తట్టనిది ఆమెకి ఒక్క రిహార్సల్‌లో తట్టింది. అప్పుడు తిప్పేశాం: ఆకులు హీరోకి. మేం జీన్సు ప్యాంటుల్లో.

డైరెక్టరు వేషం చెల్లిది, నల్ల కళ్లద్దాలు, టోపీ. గూడెం పెద్ద నేను. డైరెక్టరు "మీరంతా ఆకులు కట్టుకోండి" అంటే నేను సీరియస్‌గా అడుగుతా: "ఏ ఆకు మేడం? అడ్డాకు అయితే విస్తళ్లకి పోతది. తునికాకు అయితే 50 ఆకులకో కట్ట, కల్లంలో లెక్కపెట్టి ఇస్తాం. మీకు ఎన్ని కట్టలు?" ఆమె "హు హు అని అరవండి" అంటే "అది మా భాషలో లేదు మేడం, మీ భాషలో ఏమన్నా అర్థం ఉందా?" షూటింగ్ మొదలుపెడదామంటే "గ్రామసభ తీర్మానం కావాలి". ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. కేరళలో షెడ్యూల్డ్ ఏరియాలు లేవు, మన పీసా చట్టం అక్కడ ఎవరికీ తెలియదు. చెల్లి "ఊరుకూట్టం అను చేట్టా" అంది. వాళ్ల ఆదివాసీ ఊళ్ల సభ పేరు అది. సరిపోయింది. సినిమావాళ్లు కూర్చుంటారు, కోరం నిండదు, మళ్లీ వాయిదా. మన దగ్గర గ్రామసభ ఎట్లా నడుస్తదో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు!

చివరికి హీరో వస్తాడు, మమ్మల్ని కాపాడటానికి. రూమ్మేట్ ఆ వేషం వేసి ఒక పెద్ద నటుడి గొంతు దించేశాడు. నడుముకి ఆకులు, తలకి ఈకలు. పులిని చంపి తెస్తానని పోయి, దారి తప్పి, సెల్‌కి సిగ్నల్ లేక ఏడుస్తూ ఖాళీ చేతులతో తిరిగొస్తాడు. ముగింపు నేను ఇంటి నుంచి తెచ్చుకున్నా. మన భూమి పండుగ గుర్తుందా? వేటకి పోయి ఏమీ తేకుండా వచ్చిన మగాళ్లని ఆడవాళ్లు ఎగతాళి పాటలు పాడి, పేడనీళ్లు చల్లి గూడెంలోకి రానివ్వరు. మా అమ్మ మా నాయన మీద చల్లడం నేను కళ్లారా చూసినా. అదే చేశాం. పేడకి బదులు టీ పొడి నీళ్లు. వేటకి పోయినోడి గొప్పలని వెక్కిరించడం మనకి ఎవరూ నేర్పలేదు. స్పూఫ్ అనే పేరు తెలియకముందే మన ఆడవాళ్లు ఏటా చేస్తున్నారు.

హాలు ఎట్లా నవ్విందో చెప్పలేను. అందరూ కాదు. ముందు వరసలో కొంతమంది నవ్వలేదు. ఒకడైతే "ఇప్పుడు ఎవరూ అట్లా సినిమాలు తీయట్లేదు కదా" అని తర్వాత వాదన పెట్టుకున్నాడు. నిజమే, కొంత మారింది. 2020లో 'అయ్యప్పనుం కోషియుం' వచ్చింది, మన 'భీమ్లా నాయక్'కి అసలు సినిమా. అందులో అట్టప్పాడి ఇరుళ గాయని నంజియమ్మ తన భాషలో పాడితే జాతీయ అవార్డు వచ్చింది. అదే అట్టప్పాడి. ఆ వార్త చూసిన రోజు నాకు మధు కూడా గుర్తొచ్చాడు.

స్కిట్ అయిపోయాక తెర వెనక మొహం కడుక్కుంటుంటే, నాకు ఆకుల లంగా చూపించిన క్లాస్‌మేటే వచ్చింది. సారీ ఏం చెప్పలేదు. "తునికాకు అంటే ఏంటి? నిజంగా 50 లెక్కపెడతారా?" అని అడిగింది. అరగంట చెప్పినా. ఎండాకాలం తెల్లారుజామున అడవికి పోవడం, ఇంట్లో అందరూ కూర్చుని కట్టలు కట్టడం, కల్లంలో ఎండబెట్టడం, డబ్బుల కోసం ఎదురుచూడటం. రెండేళ్లలో మా ఇంటి గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

ఆ రాత్రి నాయనకి ఫోన్ చేసి అంతా చెప్పినా. హీరోకి ఆకులు కట్టాం అనగానే ఆయన నవ్వు ఫోన్‌లో ఆగలేదు. తర్వాత అడిగాడు: "దురద పెట్టిందంటనా వాడికి?"

పెట్టింది. రూమ్మేట్ రెండు రోజులు గోక్కున్నాడు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కాలేజీల్లో ఆగస్టు 9కో, ఫ్రెషర్స్‌కో మిమ్మల్ని కూడా ఇట్లాగే అడుగుతారు. చెయ్యొద్దు అని చెప్పట్లేదు. డోలు కొట్టండి, కొమ్ములు పెట్టుకోండి, అది మనది. స్కిట్ వేయాలనుకుంటే వేయండి, నవ్వించండి. స్టేజీ ఎక్కేముందు ఒక్కసారి చూసుకోండి, ఆకులు ఎవరి నడుముకి ఉన్నాయో. మీకు ఇట్లాంటివి జరిగి ఉంటే కింద రాయండి, అందరం చదువుతాం.