కొబ్బరాకు బూర

గోదావరి డెల్టాలోని పిల్లలకు అందే రంగులద్దే పుస్తకాలలో చెట్టంటే గుండ్రని ఆకుపచ్చ గుబురు, దానికి నాలుగు ఎర్రని ఆపిల్ పండ్లు కావడం, కిటికీలోంచి చూస్తే కొబ్బరిచెట్లే కనిపించే కోనసీమ బడులలో సైతం ఆ బొమ్మకే మార్కులు పడడం సహించదగినది కాదు. రాజమహేంద్రవరంలో 1897లో జన్మించి, 28 ఏళ్లయినా నిండకుండా 1925లో మరణించిన దామెర్ల రామారావు చిత్రాలు ఆ నగరంలోనే ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నాయి. అక్కడికి పిల్లలను తీసుకువెళ్లడం మంచిదే గాని, అంతకుముందు వారిని చెట్టు కింద కూర్చోబెట్టాలి.

రావి ఆకును వెనుకవైపు పైకి వచ్చేలా పరచి, పల్చని కాగితం కప్పి, పెన్సిలును పక్కవాటుగా రుద్దితే, ఆ వైపు ఉబ్బెత్తుగా ఉండే ఈనెలన్నీ, కొసన సాగిన తోకతో సహా, కాగితంపై తేలుతాయి.

అయితే ఈ నేలపై పిల్లలకు తొలి కళాసామగ్రి కొబ్బరాకే. మట్టకు రెండువైపులా బారులుతీరిన ఆకులలో ఒక్కొక్కదాని నడుమ ఉండే గట్టి పుల్లను ఈనె అంటారు. చీపుళ్లు కట్టేది దానితోనే. ఈనె తీసేయగా మిగిలిన పట్టీని సన్నని చుట్టతో మొదలుపెట్టి, ఒక వరుస అంచుపైకి మరొక వరుస ఎక్కేలా ఏటవాలుగా చుడుతూ పోతే అది క్రమంగా వెడల్పవుతుంది. చివర విడిపోకుండా ఈనె ముక్క గుచ్చి, సన్నని కొసలో మడిచిన ఆకుముక్కను పీకగా అమర్చి ఊదితే అదే బూర. పట్టీ బిగువు చాలకపోతే బూర పలకదు, పిల్లవాడు విప్పి మళ్లీ చుడతాడు. రంగుల పుస్తకం ఏనాడూ అతనిచేత ఆ పని చేయించలేదు. అదే ఆకుతో చేతిగడియారం, కళ్లజోడు, గాలికి తిరిగే పంకా కూడా తయారవుతాయి. వేసవిలో ముంజెలు తినేశాక మిగిలిన రెండు తాటికాయలను పుల్లతో కలిపి, పంగలకర్రతో తోసే బండి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పెద్దల చేతిలో ఆ ఈనె ముక్కే పనసాకులను కలిపికుట్టే సూది అవుతుంది. నాలుగు ఆకులను బుట్టగా కూర్చి, మినప్పిండి, బియ్యపురవ్వ కలిపిన పిండి పోసి ఆవిరిపై ఉడికించే పొట్టిక్కలకు అంబాజీపేట పేరుమోసింది. స్టీలు గిన్నెల్లో ఉడికినవాటిని కూడా ఆ పేరుతోనే పిలవడం తగదు. పనసాకు వాసన పిండికి పట్టాలి, బుట్టను పొయ్యి పక్కనే విప్పాలి, వేడి తగ్గకముందే నెయ్యి వేయాలి, పక్కన అల్లప్పచ్చడి ఉండాలి.