చల్లార్చడమూ వంటలో భాగమే



నిరుడు అమెరికాలో మా అబ్బాయి ఇంట ఉన్నప్పుడు, ఒక ఆదివారం అతడు గ్యారేజీలో బీరు కాచాడు. నేను మద్యం ముట్టను, మిమ్మల్నీ ముట్టమనను. అక్కడ సొంత వాడకానికి బీరు చేసుకోవడానికి 1978 నాటి చట్టం వీలు కల్పించింది. మన రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. అయినా కుతూహలం కొద్దీ పక్కనే కూర్చున్నాను.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీటిలో నానబెట్టి తీసిన తియ్యని రసాన్ని వర్ట్ అంటారు. 20 లీటర్ల వర్ట్‌ను హాప్ పూలతో గంటసేపు మరిగించాడు. చివరి 15 నిమిషాలలో ఐరిష్ మాస్ అనే ఎండు సముద్రపు నాచు చెంచాడు వేశాడు. అది రసంలోని మాంసకృత్తులను కూడగట్టి అడుగుకు దించుతుంది. బురదనీటిని తేర్చే మన చిల్లగింజ చేసే పని వంటిదే. పిమ్మట రాగి గొట్టపు చుట్టను రసంలో దించి, గొట్టం గుండా చన్నీరు పారించాడు. అరగంటలో రసం 20 డిగ్రీలకు దిగింది.

"ఎందుకురా ఇంత తొందర? మూత పెడితే అదే చల్లారదూ?" అన్నాను.

"గోరువెచ్చగా ఉన్నంతసేపూ ప్రమాదమే నాన్నా. ఈస్ట్ కంటే ముందు బాక్టీరియా పెరిగితే అంతా పారబోయాల్సిందే" అన్నాడు.

ఆ మాటతో ఒక వంటమనిషి గుర్తుకు వచ్చాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను పనిచేసే రోజుల్లో, ఒక వసతి గృహంలో ఉదయం పులిహోర తిన్న పిల్లలు రెండు మూడు గంటలకే వాంతులతో వచ్చారు. సెలైన్ పెట్టి అందరినీ గట్టెక్కించాం. "సరిగా ఉడికించలేదు నువ్వు" అని వంటమనిషిని పదిమందిలో కసిరాను. "బాగానే ఉడికిందండీ, రాత్రే వండి మూతపెట్టి ఉంచానండీ" అని అతడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. రోగకారణం ఆ మాటలోనే ఉంది. నేను వినిపించుకోలేదు.

బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా స్పోర్లు ఉడికించినా చావవు. పెద్ద గుండిగలో అన్నం తెల్లవార్లూ గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. తిరిగి వేడిచేసినా ఆ విషం విరగదు.

కనుక మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలుచగా ఆరబెట్టి, రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. సాంబారు గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో ఉంచి కలియబెట్టండి. చిల్లగింజతో తేరిన నీటినైనా మరిగించనిదే తాగకండి. తేటదనం వేరు, శుద్ధి వేరు.

ఆ వంటమనిషికి క్షమాపణ చెప్పుకునే అవకాశం నాకిక లేదు. అతని తప్పు ఉడికించడంలో లేదని మీతోనైనా చెప్పుకుంటున్నాను.