బంతి ఎవరిదీ కాని క్షణం: ఆస్ట్రేలియా నుంచి రెండు లేఖలు

మొదటి లేఖ, మెల్‌బోర్న్

మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ పేరులో క్రికెట్టే ఉన్నా, చలికాలం పొడుగునా నగరవాసులను అక్కడికి రప్పించేది వారు ‘ఫుటీ’ అని ముద్దుగా పిలుచుకునే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. కోలగా ఉండే మైదానంలో, కోలగా ఉండే బంతితో, జట్టుకు 18 మంది చొప్పున ఆడే ఈ ఆట స్వభావం పూర్తిగా బయటపడేది, ఆగిన ఆట తిరిగి మొదలయ్యే చోటనే. మన ఊళ్లలో తెలిసిన ఫుట్‌బాల్‌లో గోల్ పడితే, గోల్ ఇచ్చుకున్న జట్టు బంతిని మధ్యలో పెట్టుకుని ఆట మొదలుపెడుతుంది. ఇక్కడ ఆ బంతి ఏ జట్టుకూ దక్కదు. అంపైర్ దాన్ని మైదానం నడుమ గాలిలోకి పంపితే, ‘రక్‌మన్’ అని పిలిచే ఇరుజట్ల పొడగరులు ఎగిరి, దాన్ని తమవారి వైపు అరచేత్తో తట్టాలి.

ఈ పద్ధతి ఆటతోపాటు పుట్టినది కాదు. 1859 మే నెలలో మెల్‌బోర్న్ ఫుట్‌బాల్ క్లబ్ రాసుకున్న పది నియమాల ప్రకారం, టాస్ ఓడిన జట్టు మధ్య నుంచి బంతిని తన్ని ఆట ఆరంభించేది. ఆ నియమకర్తలలో ఒకరైన టామ్ విల్స్ అంతకు ముందటి ఏడాది ఒక పాఠశాలల పోటీకి అంపైరుగా నిలిచిన దృశ్యం ఇప్పుడు గ్రౌండ్ వెలుపల విగ్రహంగా ఉంది. తరువాతి కాలంలో ఆ తన్ను పోయి ఆరంభం అంపైర్ చేతికి వచ్చింది; బంతిని రెండు చేతులతో నేలకేసి బలంగా కొట్టి నిటారుగా లేపే ‘బౌన్స్’ ఈ ఆటకే గుర్తుగా స్థిరపడింది. అయితే కోల బంతి తడినేల మీద అంపైర్ మాట వినదు. వంకరగా పోయిన బంతిని వెనక్కి పిలిచి, చేత్తో ఎగరేయవలసి వచ్చేది. అందువల్ల 2013లో మధ్యభాగంలో తప్ప మిగిలిన చోట్ల బౌన్స్‌ను మానిన ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్, 2026 సీజన్ నుంచి మధ్యలోనూ మానివేసింది.

ఎందరికో ఇది బాధ కలిగించిన నిర్ణయం. బాధ సహజమే గాని, ఆరంభం సారం నేలకేసి కొట్టడంలో లేదు, బంతి ఒక్క క్షణం ఎవరిదీ కాకుండా ఉండటంలో ఉంది. ఆ క్షణాన్ని కాపాడటానికే మిగిలిన నియమాలన్నీ ఏర్పడ్డాయి. ఆటగాళ్లందరూ అక్కడే గుమిగూడకుండా, 1975 నుంచి మధ్య చతురస్రంలోకి జట్టుకు నలుగురినే అనుమతిస్తున్నారు. దూరం నుంచి పరుగెత్తుకొచ్చి ఢీకొన్న రక్‌మన్‌ల మోకాళ్లలో లిగమెంట్లు దెబ్బతింటున్నందున, 2005లో వారి పరుగును 10 మీటర్ల వ్యాసం గల వృత్తానికి పరిమితం చేశారు.

రెండో లేఖ, అడిలైడ్

బంతి మైదానపు హద్దు గీత దాటినప్పుడు జరిగేది మరింత ఆలోచింపజేస్తుంది. 1859 నాటి నియమమే, బంతి ఏ చోట గీత దాటిందో ఆ చోటికే తెచ్చి, గీతకు లంబంగా లోపలికి విసరాలని చెప్పింది. నేడు ఆ పని చేసే బౌండరీ అంపైర్ మైదానానికి వీపు పెట్టి నిలబడి, బంతిని తల మీదుగా వెనక్కి విసురుతాడు. ఎవరున్నారో చూడకుండా విసరడంలోని నిష్పాక్షికత ఏ ధర్మాసనానికీ తీసిపోదు.

నేల తాకకుండా బంతిని నేరుగా గీత దాటించిన తన్నుకు శిక్షగా 1969 నుంచి ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్, అంటే అడ్డులేకుండా తన్నే అవకాశం, ఇస్తున్నారు. అది న్యాయమే, ఎందుకంటే అక్కడ తప్పు ఎవరిదో స్పష్టం. కాని దక్షిణ ఆస్ట్రేలియా లీగ్ 2016లో ఇంకో అడుగు ముందుకు వేసి, చివరగా తన్నిన లేదా చేత్తో గుద్ది అందించిన బంతి ఎలా గీత దాటినా ఎదుటివారికే ఇవ్వసాగింది. అడిలైడ్ బాటను మెల్‌బోర్న్‌లోని ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ పదేళ్లకు పట్టింది. దీనివల్ల ఆట వేగం పెరుగుతుందన్నది నిజమే. అయినా బౌన్స్ పోవడం కన్నా ఇదే పెద్ద నష్టం, ఎందుకంటే బౌన్స్‌తో పోయింది ఒక రూపం మాత్రమే, ఇక్కడ పోయింది సమాన పోటీ.

ఆ లీగ్ కొత్త నియమం, రెండు చివర్లలో గోల్‌కు 50 మీటర్ల దూరంలో గీసిన వంపు గీతల నడుమ ప్రాంతానికే వర్తిస్తుంది. ఆ గీతలకు ఆవల, గోల్ స్తంభాల దాపున, బౌండరీ అంపైర్ నేటికీ మైదానానికి వీపు పెట్టి బంతిని విసురుతూనే ఉన్నాడు.