శ్రీకాకుళ యాత్ర – మర్దన విద్య

గడచిన మాఘమాసమున, రథసప్తమి జనసమ్మర్దము తగ్గిన పిమ్మట, మేము విజయనగరమునుండి శ్రీకాకుళమునకు బయలుదేరితిమి. అరసవిల్లి సూర్యనారాయణస్వామి దర్శనముతోపాటు మరియొక కార్యమును గలదు. మా యాడుబిడ్డ కుమార్తెకు ముప్పదియేండ్లు నిండలేదు, భర్త గతించి రెండేండ్లయినది, ఒక పసివాడు. ఆమె మర్దనవృత్తిని జీవనోపాధిగా గైకొన సంకల్పించినది. "పరుల యొడలు పిసికి బ్రదుకవలసిన గతి మనకేమి?" యని మా యత్తగారు మండిపడిరి. నిజము చెప్పవలెనన్న మేమును మొదట వారి పక్షముననే యుంటిమి.

రైలు నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటినది. కిటికీ చెంత గూర్చున్న పిల్ల యొక ప్రశ్న వేసినది: "అత్తా! మన విజయనగరము తాలింఖానాలలో మల్లురు ఒకరికొకరు నూనె రాచి మర్దించుకొనిరి గదా. కోడి రామమూర్తినాయుడు గారివంటి బలశాలి పెరిగిన యూరు మనది. మగవారు చేసిన వ్యాయామమైనది, ఆడుది కూలికి జేసిన నీచమగునా?" మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు.

అప్పుడు మేము చదువుకొన్న మృచ్ఛకటికము జ్ఞప్తికి వచ్చినది. అందొక సంవాహకుడు గలడు. పాటలీపుత్రమున గృహస్థుని కుమారుడై పుట్టి, అంగమర్దనమును కళగా నేర్చి, దుర్దశలో దానినే జీవికగా జేసికొన్నవాడు. తుదకు వసంతసేన ప్రాణము గాపాడినది వాడే. ఆ కవి వానిని చిన్నచూపు చూడలేదు, మేమేల చూడవలెను?

పొందూరు దాటి, ఆమదాలవలసలోని శ్రీకాకుళము రోడ్డు స్టేషనున దిగి, బస్సులో పట్టణము చేరితిమి. స్వామిదర్శనమైన పిదప, పురిటి స్నానములు చేయించుటలో తలపండిన యొక ముసలమ్మను వెదకికొని నాగావళి చేరువనున్న వీధికి బోయితిమి. ఆమె యొక యింటి పెరటిలో పీటపై గూర్చుండి, చాచిన కాళ్ళపై నెలబిడ్డను బరుండబెట్టుకొని యుండెను. గోరువెచ్చని నువ్వులనూనెను ముందు తన మణికట్టుపై వేసికొని చూచి, పిదప బిడ్డ కాళ్ళనుండి మొదలిడి మెల్లగా రాచుచుండెను. బిడ్డ యేడ్వలేదు, నిదురకు సిద్ధమగుచుండెను.

"గోళ్ళు తీసుకోవాల. పాలు తాగిన ఎంటనే సెయ్యి ఎయ్యకూడదు. జొరం ఉంటే అసలు ముట్టకూడదు. బిడ్డ ఏడిస్తే ఆపెయ్యాల" అని ఆమె మా పిల్లకు బోధించెను. పూర్వము ముక్కులలో, చెవులలో నూనె పోసెడివారమనియు, అది ఊపిరితిత్తులలోనికి బోవునని వైద్యులు చెప్పినందున మానితిమనియు, సాంబ్రాణి పొగయు పసిబిడ్డకు బెట్టుట లేదనియు ఒప్పుకొన్నది. ఆ వయసున తన తప్పు దిద్దుకొన్నదానికి మేము నమస్కరించితిమి.

ఆమె చెప్పినదానిలో మిక్కిలి విలువైన మాట బాలింతల గూర్చినది. ప్రసవమైన పిదప ఒక కాలి పిక్క వాచి, నొచ్చి, వేడిగానున్నచో దానిని పిసుకరాదు. లోన రక్తము గడ్డకట్టియుండవచ్చును. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు బోయిన ప్రాణాపాయము. వెంటనే ఆసుపత్రికి బంపవలెను. శస్త్రచికిత్సతో కాన్పయినవారి కడుపును మర్దింపరాదు. మన పూర్వులును అభ్యంగనము నందరికి విధింపలేదు; అజీర్ణముగలవారికి వాగ్భటుడు నిషేధించెను. చేయి వేయుట యెంత విద్యయో, చేయి తీయుటయు నంత విద్య.

తిరుగు ప్రయాణమున మేము వృత్తినియమములు వ్రాసికొంటిమి. విరాటుని కొలువునకు సైరంధ్రిగా వచ్చిన ద్రౌపది, ఎంగిలి ముట్టననియు, పాదములు కడుగననియు ముందే సుదేష్ణకు జెప్పలేదా? అంత చెప్పుకొన్నను కీచకుని బాధ తప్పలేదు. కావున మా పిల్ల స్త్రీలకు, శిశువులకు మాత్రమే చేయును, పగటివేళనే పోవును, ఇంటి యాడువారొకరు దగ్గరనుండవలెను, రుసుము ముందే చెప్పును. అంతతో సరిపెట్టక, పంచకర్మ సహాయకుల శిక్షణయు బొందును. ఫిజియోథెరపీ వేరు విద్య; దానికి పట్టము గావలెను; ఆ వృత్తి 2021వ సంవత్సరపు కేంద్రచట్టము క్రిందికి వచ్చినది. ఆ పేరు పెట్టుకొని యెవరిని మోసపుచ్చరాదని పిల్లయే చెప్పినది.

ఇంటికి వచ్చిన మూడవనాడు మా యత్తగారు మోకాళ్ళు పట్టుకొని మూలుగుచుండగా పిల్ల నూనెగిన్నెతో వచ్చి కూర్చున్నది. ఆమె మొగము త్రిప్పుకొనిరి గాని కాలు వెనుకకు దీసికొనలేదు. అరగడియ యైన పిదప, "రేపును వత్తువా?" యని మాత్రమడిగిరి.

సోదరీమణులారా! మీ యింటికి ఇట్టి స్త్రీ వచ్చినపుడు పీట వేయుడు. ఒప్పుకొన్న సొమ్ము బేరమాడక యిండు. ఆ చేతులవెనుక నొక సంసారము నిలిచియుండును.