ఇరవై నిమిషాల దూరం

విజయవాడ నుంచి బందరు ఎంత దూరం? ఓ 70 కిలోమీటర్లు. బస్సెక్కి ఓ కునుకు తీసి లేస్తే బందరే. నేపాల్లో లుక్లా నుంచి మంథలి కూడా మ్యాపులో గీత గీసి కొలిస్తే దాదాపు అంతే... 75 కిలోమీటర్లలోపు. విమానంలో ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల కోసం మేం మూడు రోజులు ఎదురుచూశాం!

ఎవరెస్ట్ బేస్ క్యాంపుకి నడిచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ముందు దిగేది లుక్లాలోనే. కాఠ్‌మాండూ విమానాశ్రయంలో రద్దీ వల్ల 2019 నుంచి సీజన్లో ఈ విమానాల్ని మంథలి నుంచి నడపడం మొదలుపెట్టారు. మేమూ అర్ధరాత్రి దాటాక కాఠ్‌మాండూలో జీపెక్కి, నాలుగైదు గంటలు కొండదారుల్లో కుదుపులు తిని అక్కడికి చేరాం.

మంథలి 500 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. లుక్లా 2,800 మీటర్ల పైమాటే. ఒకచోట ఉక్కపోత, ఇరవై నిమిషాల తర్వాత స్వెట్టర్లు. ఇక లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లు. మన 24 పెట్టెల రైలు ఆగే ప్లాట్‌ఫాం కంటే చిన్నదన్నమాట! ఒక కొసన కొండ, రెండో కొసన లోయ. అందుకే ఏటవాలుగా కట్టారు. దిగే విమానం ఎత్తుకి ఎక్కుతూ ఆగుతుంది, వెళ్లేది పల్లంలోకి పరుగెత్తి ఎగురుతుంది. 1964లో ఎడ్మండ్ హిల్లరీ పూనికతో దీన్ని కట్టినప్పుడు, నేల గట్టిపడటానికి షెర్పాలు దానిమీద కాళ్లతో తొక్కుతూ నాట్యం చేశారట.

తిరుగు ప్రయాణంలో లుక్లా చేరిన సాయంత్రమే తమ్ముడు ఫోన్ చేశాడు. ‘అక్కా, అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి విరిగింది, ఆపరేషన్ చేయాలంటున్నారు’ అని. మర్నాడు అయిదింటికల్లా బ్యాగులతో విమానాశ్రయంలో ఉన్నాం. లోయనిండా మబ్బు. మధ్యాహ్నమైతే గాలి పెరుగుతుంది, ఇక ఆరోజుకి విమానాల్లేనట్టే. రెండోరోజూ అంతే. హెలికాప్టర్ అయినా దొరుకుతుందేమోనని మావారు వెళ్లి అడిగారు. మబ్బులో అదీ ఎగరదన్నారు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ‘ఇరవై నిమిషాలేగా, ఎలాగోలా వెళ్లలేరా?’ అన్నాను మా గైడుతో. అతను నెమ్మదిగా ‘దీదీ, ఇక్కడ పైలట్ కళ్లతో దారి చూసుకునే దిగాలి. కనబడకపోతే రాకూడదు’ అన్నాడు. 2008 అక్టోబరులో మబ్బులోనే దిగబోయిన విమానం రన్‌వే అంచున కూలి 18 మంది చనిపోయారని చెప్పాడు. నేనింకేం మాట్లాడలేదు.

ఆ రాత్రి ఆసుపత్రి నుంచి అమ్మ మాట్లాడింది. నేను పైలట్లని తిట్టబోతే, ‘వాళ్ల కోసం కూడా ఇంట్లో అమ్మలు చూస్తుంటారే. మబ్బు విడిచాకే రా. తమ్ముడున్నాడుగా’ అంది. మూడోరోజు పొద్దున ఆరున్నరకి కొండ కనిపించింది. మేం కాఠ్‌మాండూ చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడు అమ్మ చేతికర్రతో వీధి చివరిదాకా నడుస్తోంది.

మీరెవరైనా లుక్లా వెళ్తుంటే, స్వదేశానికి టికెట్ కొనేముందు ఓ మూడు రోజులు ఖాళీగా ఉంచుకోండి. ‘ఈరోజు విమానం లేదు’ అని చెప్పేవాళ్లమీద మాత్రం కోప్పడకండి. వాళ్లు మనల్ని ఆపుతున్నది ఇంటికి చేర్చడానికే.