వానొస్తే బొమ్మ పోతుందెందుకు?

మా అత్తగారి సీరియల్‌కీ వానకీ ఏనాటి పగో! సరిగ్గా కోడలు నోరు విప్పే వేళకి ఉరుముతుంది, తెర మీద ‘సిగ్నల్ లేదు’ అని పడుతుంది. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి క్షేమంగా దిగొచ్చిన తరంగం చివరి అయిదారు కిలోమీటర్లలో వానకి చిక్కుతుందన్నమాట. దాని పొడవు రెండున్నర సెంటీమీటర్లే. పెద్ద చినుకులు కొంత పీల్చేసుకుని, కొంత చెదరగొట్టేస్తాయి. 1990ల్లో కేబుల్ వాళ్ల పెద్ద డిష్‌లకొచ్చే తరంగం ఏడున్నర సెంటీమీటర్లుండేది, వానకి అంతగా జంకేది కాదు.

మన వైపు డిష్‌లు దక్షిణానికి, కాస్త తూర్పుగా చూస్తాయి కదా. అటు జోరువాన పట్టుకుంటే, మన మేడ మీద ఎండ కాస్తున్నా బొమ్మ పోవచ్చు. వడియాలు తీసెయ్యడానికి నాకదే గుర్తు!

బొమ్మ పోగానే మావారు డిష్ తిప్పుదామని మేడెక్కబోతారు. నేను మెట్ల తలుపు గడియ పెట్టేస్తాను. పిడుగులు పడే వేళ తడి మేడ మీద ఏం పనండీ? పైగా అది కదిలిందంటే వాన వెలిశాక కూడా బొమ్మ రాదు. తుఫాను రోజుల్లో కబుర్లకి బ్యాటరీ రేడియో ఉంచుకున్నాను. మీడియం వేవ్ తరంగాలు వందల మీటర్ల పొడుగు, చినుకుల్ని లెక్కచెయ్యవు.